అనాథను పెంచే ఇంటికి అండగా నిలుద్దాం



మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) తన చూపుడు వేలిని, మధ్య వేలిని చూపి, వాటి మధ్య కాస్త ఎడం ఉంచి, అనాథను పోషించే వ్యక్తి స్వర్గంలో తనకు అంత చేరువగా ఉంటాడని శుభవార్త ఇచ్చారు. సహీహ్ బుఖారీలోని ఈ హదీసును మనం జుమా ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. విన్నప్పుడల్లా మన మనసులు కరుగుతాయి. యతీంఖానాకు బియ్యం బస్తా పంపుతాం. రమజాన్‌లో అక్కడి పిల్లలకు ఇఫ్తార్ ఇస్తాం. ఇవన్నీ మంచి పనులే. అల్లాహ్ స్వీకరించుగాక!

అయితే మన మహల్లాలోని యతీములందరూ యతీంఖానాలలో లేరు. తల్లి బ్రతికి ఉన్నా సరే, తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ యౌవన దశకు చేరేవరకు షరీఅత్ దృష్టిలో యతీమే. అలాంటి పిల్లల్లో చాలామంది చిన్నాన్న ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో, వయసు మీదపడిన నాయనమ్మ దగ్గరో పెరుగుతున్నారు. జనాజా రోజున ఊరంతా వస్తుంది. పదిరోజులు పలకరింపులు ఉంటాయి. ఆ తర్వాత స్కూలు ఫీజు, అర్ధరాత్రి జ్వరం, పండుగ బట్టలు అన్నీ ఆ ఒక్క ఇంటి మీదే పడతాయి. ముగ్గురికి వండే గిన్నెలో అయిదుగురికి వండాలి. “రక్తసంబంధం కదా, అది వాళ్ళ బాధ్యత” అని మనం పక్కకు తప్పుకుంటాం.

మరి దైవప్రవక్త (సఅసం) ఏమని బోధించారు? అనాథ తన బంధువైనా, పరాయివాడైనా పోషించేవారికి ఆ ఉన్నత స్థానం ఉందని సహీహ్ ముస్లిం ఉల్లేఖనం తెలుపుతోంది. అంటే అన్న బిడ్డల్ని సాకుతున్న ఆ ఆటో డ్రైవరు మామూలు మనిషి కాడు. ఆయన గడప ముందు నుంచే మనం రోజూ మస్జిదుకు వెళుతున్నాం!

ప్రవక్త (సఅసం) పెరిగిన ఇల్లు

మహాప్రవక్త (సఅసం) జన్మించక ముందే తండ్రి అబ్దుల్లాహ్ కన్నుమూశారు. ఆరేళ్ళ వయసులో తల్లి ఆమినా, ఎనిమిదేళ్ళ వయసులో తాత అబ్దుల్ ముత్తలిబ్ దూరమయ్యారు. అప్పుడు పెదనాన్న అబూ తాలిబ్ ఆయన్ని చేరదీశారు. ఆ ఇంట్లో పిల్లలెక్కువ, రాబడి తక్కువ. అబూ తాలిబ్ భార్య ఫాతిమా బిన్తె అసద్ (రజి) తన పిల్లలతో పాటు ఆయన్నీ పెంచారు.

కాలం గడిచింది. మక్కాలో కరవు వచ్చింది. అబూ తాలిబ్ ఇల్లు గడవడం కష్టమైంది. అప్పుడు మహాప్రవక్త (సఅసం) మరో పినతండ్రి అయిన అబ్బాస్ (రజి) వద్దకు వెళ్ళి, ఆ ఇంటి భారాన్ని పంచుకుందామని ప్రతిపాదించారు. ఆయన అలీ (రజి)ని తన ఇంటికి తెచ్చుకున్నారు. అబ్బాస్ (రజి) జాఫర్ (రజి)ని తీసుకువెళ్ళారు. గమనించండి! అబూ తాలిబ్ నోరు తెరచి అడిగేదాకా వారు ఆగలేదు. సానుభూతి మాటలతో సరిపెట్టలేదు. భారాన్ని లెక్కచూసి పంచుకున్నారు. పెంచే కుటుంబానికి తోడ్పడటం అంటే ఇదే.

మనం ఏం చేయగలం?

మొదటిది: సహాయం నెలనెలా, నిలకడగా అందాలి. ఏడాదికొకసారి ఇచ్చే పెద్ద మొత్తం కంటే, నెల మొదట్లో కిరాణా కొట్టులో తీరిపోయే ఖాతా ఆ ఇంటికి ఎక్కువ ఊరట. పది కుటుంబాలు కలిస్తే మస్జిద్ బైతుల్‌మాల్ ద్వారా ఇది కష్టం కాదు.

రెండవది: ఆ ఇల్లాలిని మరువకండి. అసలు బరువు మోసేది ఆమె. హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) సతీమణి జైనబ్ (రజి), తన భర్తపై, తన సంరక్షణలోని అనాథలపై ఖర్చు చేస్తే సరిపోతుందా అని అడిగించినప్పుడు, బంధుత్వ పుణ్యం ఒకటి, దానపుణ్యం ఒకటి, రెండూ లభిస్తాయని సమాధానం వచ్చింది. మన స్త్రీలు వెళ్ళి ఆమెను పలకరించాలి. ఆమె జబ్బుపడితే రెండు పూటలా అన్నం పంపాలి.

మూడవది: జకాత్ మసలా తెలుసుకోవాలి. యతీమ్ అయినంత మాత్రాన జకాత్ వర్తించదు. నిసాబ్‌కు సరిపడా ఆస్తి లేని బిడ్డ అయి ఉండాలి. హనఫీ ఫిఖ్ ప్రకారం ఆ సొమ్మును బిడ్డ తరఫున సంరక్షకుని చేతికి అందించాలి. అది బిడ్డ సొంతమవుతుంది.

నాలుగవది: లెక్కల్లో తోడుండాలి. అన్యాయంగా అనాథల సొమ్ము తినడం కడుపులో నిప్పు నింపుకోవడమేనని సూరా నిసా హెచ్చరిస్తోంది. ఆ సూరాయే, సంరక్షకుడు పేదవాడైతే ధర్మసమ్మతంగా కొంత వాడుకోవచ్చని కూడా తెలుపుతోంది. తండ్రి వదిలిన స్థలం, బీమా సొమ్ము ఉంటే ఇద్దరు పెద్దల సమక్షంలో రాసిపెట్టించండి. బిడ్డ హక్కూ నిలుస్తుంది, పెంచినవారి మీద రేపు నిందా పడదు.

అయిదవది: ప్రభుత్వ సహాయం ఇప్పించాలి. 2022 మార్గదర్శకాల ప్రకారం మిషన్ వాత్సల్య పథకం కింద, బంధువుల ఇంట పెరుగుతున్న అనాథలకు అర్హతను బట్టి నెలకు 4000 రూపాయలు మంజూరు చేసే వీలుంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దరఖాస్తు చేయాలి. చదువుకున్న మన యువకులు ఆ కాగితాల పని చేసిపెడితే అదీ సదఖాయే. ఎవరూ లేని బిడ్డ కనిపిస్తే గుట్టుగా ఎవరింటికో అప్పగించకండి. 1098కి ఫోన్ చేసి బాలల సంక్షేమ కమిటీకి తెలపండి.

బిడ్డ పేరు, బిడ్డ పరువు

పెంచినవారు ఎంత ప్రేమించినా బిడ్డ తన కన్నతండ్రి పేరుతోనే పిలువబడాలని సూరా అహ్‌జాబ్ ఆదేశిస్తోంది. అది ప్రేమను తగ్గించడానికి కాదు, బిడ్డ మూలాన్ని కాపాడటానికి. అలాగే సహాయం చేస్తూ ఫొటోలు తీయకండి. నలుగురిలో “పాపం, యతీం” అనకండి. ఆ మాట తూటాలా తగులుతుంది. అనాథ పట్ల కఠినంగా ఉండవద్దని సూరా జుహాలో అల్లాహ్ ఆదేశించాడు.

అనాథల తిండిని తమ తిండితో కలపడానికి సైతం సహాబాలు భయపడిన రోజుల్లో, వారితో కలిసిమెలిసి ఉంటే వారు మీ సోదరులేనని సూరా బఖరా ధైర్యం చెప్పింది. కనుక ఈ జుమా నమాజు తర్వాత ఇమామ్ గారితో కూర్చుని, మన మహల్లాలో అలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో లెక్కించండి. ఆ ఇళ్ళ తలుపులు అడగకముందే తట్టండి.

అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధినీ, శక్తినీ ప్రసాదించుగాక! ఆ రెండు వేళ్ళ సాన్నిహిత్యంలో మనకూ చోటు కల్పించుగాక! ఆమీన్.