నీటి మీద ఉన్నవాడి వాటా

కాలిఫోర్నియా రాష్ట్రానికి దక్షిణపు కొసన, శాన్ డియేగోలో లా హోయా అనే తీరం ఉంది. ఆ తీరంలో ఇద్దరు అన్నదమ్ములు ఉండేవారు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఊపిరి బిగబట్టి సముద్రంలో మునగడం, ఈటెతో పెద్ద చేపను కొట్టడం. గాలి సిలిండర్ లేదు, వల లేదు, గాలం లేదు. చెరో కయాక్, చెరో స్పియర్‌గన్, నడుముకు సీసం బిళ్ళల బెల్టు, ముంజేతికి ఒక చిన్న కత్తి. అంతే సరంజామా.

అన్న పేరు తీరమంతా తెలుసు. తమ్ముడి గురించి అడిగితే మాత్రం "ఆయన తమ్ముడే కదా" అనేవాళ్ళు. పెద్ద పెద్ద చేపలను ఎత్తి పట్టుకుని అన్న దిగిన ఫొటోలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కడా తమ్ముడు కనిపించడు. ఆ ఫొటోలు తీసింది అతనే.

వాళ్ళు వేటాడేది కెల్ప్ అడవిలో. కెల్ప్ సముద్రపు అడుగున బండలను కరిచిపట్టుకుని నిటారుగా పైకి పెరిగే రాకాసి నాచు. ప్రతి ఆకు మొదట్లో ఒక గాలి బుడగ ఉంటుంది. ఆ బుడగలే తీగను పైకి ఎత్తి నిలబెడతాయి. నీళ్ళు చల్లగా ఉండి, పోషకాలు పుష్కలంగా దొరికితే ఆ తీగ రోజుకు రెండు అడుగుల దాకా సాగుతుంది. 60 అడుగుల లోతులో పుట్టిన తీగ నీటి మట్టానికి చేరాక కూడా ఆగదు. అడ్డంగా పరుచుకుని ఎండను సగం మింగేస్తుంది. కింద పచ్చటి మసక వెలుతురు, ఆ వెలుతురులో స్తంభాల్లా వరసలు తీరిన కాడలు. వాటి మధ్య ఈదేవాడు చేతులతో కాడలను మెల్లగా తప్పించుకుంటూ, చప్పుడు చేయకుండా పోవాలి. ఇంజను పడవ అక్కడ పనికిరాదు. తీగలు పంకాకు చుట్టుకుంటాయి, మోతకు చేప బెదిరిపోతుంది. కయాక్‌కైతే లంగరు కూడా అక్కర్లేదు. రెండు మూడు కెల్ప్ కాడలు పైకి లాగి కయాక్ మీద అడ్డంగా వేస్తే, గాలికి కొట్టుకుపోకుండా అక్కడే నిలుస్తుంది.

ఆ అన్నదమ్ములు వెతికేది వైట్ సీబాస్ కోసం. మన తీరంలో ఒక్క చేపే లక్షలు పలికే కచిడి ఉంది చూశారూ, దాని కుటుంబానిదే ఇదీ. అయిదు అడుగుల దాకా పెరుగుతుంది. గాలితిత్తిని కండరాలతో అదిరించి బొంగురుగా శబ్దం చేస్తుంది. చేప కంటికి కనిపించే లోపే ఆ శబ్దం వేటగాడి చెవిన పడుతుంది. గుడ్లు పెట్టే రోజుల్లో ఈ చేపలు గుంపులుగా కెల్ప్ దగ్గరికి వస్తాయి. అందుకే దక్షిణ కాలిఫోర్నియాలో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మనిషికి రోజుకు ఒక్క చేపే అని ప్రభుత్వం హద్దు పెట్టింది. మిగతా కాలంలో మూడు. పొడవు 28 అంగుళాలకు తగ్గితే ముట్టుకోకూడదు. అదే అడవిలో మనిషి కన్నా బరువైన జెయింట్ సీబాస్ కూడా తిరుగుతుంది. బెదురు తెలియని ఆ చేపను పూర్వం విచ్చలవిడిగా చంపారు. 1982 నుంచి దాని వేటను చట్టం నిషేధించింది. ఆ చేప ఎదురైతే అన్నదమ్ములు కాసేపు చూసి ఆనందించి తమ దారిన వెళ్ళేవారు.

వాళ్ళ నాన్న కూడా మునకగాడే. ఇద్దరికీ ఆయన ఒక నియమం పెట్టి పోయాడు. ఒకడు మునిగితే ఒకడు పైన ఉండాలి. పైన ఉన్నవాడు ఆ సేపు వేటగాడు కాడు. కిందివాడు పైకొచ్చి, ఊపిరి తీసుకుని, బాగున్నానని సైగ చేసి, ఆ తరువాత కూడా అర నిమిషం గడిచేదాకా చూపు తిప్పకూడదు.

మే నెలలో ఒక ఉదయం, తెల్లవారకముందే కయాక్‌లు అలలు దాటించారు. తీరానికి ఆనుకుని వేట నిషేధించిన ప్రాంతం ఉంది. దాన్ని కూడా దాటి కెల్ప్ అంచున ఆగారు. మొదటి వంతు అన్నది. తమ్ముడు నోట్లో స్నార్కెల్ పెట్టుకుని, ముఖం నీళ్ళలో ఉంచి, అన్నకు సరిగ్గా పైన బోర్లా తేలుతున్నాడు. ఆ రోజు నీళ్ళలో 20 అడుగులకు మించి కనిపించడం లేదు.

అన్న దిగాడు, ఒక కాడ పట్టుకుని కదలకుండా వేలాడాడు. ఎక్కడి నుంచో బొంగురు శబ్దం. కాడల వెనక నుంచి బూడిద రంగు చేప ఒకటి అడ్డంగా కదిలింది. ఈటె వదిలాడు, తగిలింది. చేప ఒక్క ఉదుటున పరుగెత్తింది. గన్‌కు ఉన్న రీలు తిరిగి తిరిగి దారం పోయింది. 50 అడుగుల లోతున చేప నాలుగైదు కాడలకు చుట్టుకుని ఆగిపోయింది.

అన్న పైకొచ్చాడు.

"చిక్కుకుంది. ఇప్పుడే వెళ్తే విడిపించి తెస్తా."

"కాసేపు ఆగు. కింద ఉన్నదానికి రెండింతలైనా పైన ఉండాలి."

"ఈలోగా ఈటె ఊడొస్తే? ఇంత పెద్దది మళ్ళీ దొరుకుతుందా?"

తమ్ముడు ఇంకేదో అనబోయేలోగా అన్న గబగబా పది పన్నెండు సార్లు నిండా గాలి పీల్చి వదిలి, తలకిందులుగా మునిగిపోయాడు.

తమ్ముడు ముఖం నీళ్ళలో పెట్టాడు. అన్న రెక్కల చెప్పులు మసకలో కలిసిపోయాయి. దారం మాత్రం కనిపిస్తోంది, కదులుతోంది. సరిగ్గా అప్పుడే తమ్ముడి కుడి చేతి వైపు ఒక వైట్ సీబాస్ వచ్చింది. అన్న కొట్టిన దానికన్నా పెద్దది. బెదురు లేదు, తొందర లేదు, పక్కకు తిరిగి మెల్లగా పోతోంది. దూరం పది అడుగులు. స్పియర్‌గన్ తమ్ముడి చేతిలోనే ఉంది, రబ్బర్లు లాగి సిద్ధంగా ఉంది. తల కొంచెం తిప్పి, చేయి చాపి, మీట నొక్కితే చాలు. ఆ రోజు తన వంతు చేప ఇంకా మిగిలే ఉంది. తీరంలో తన పేరు కూడా నిలబెట్టే చేప అది.

అతను తల తిప్పలేదు. కంటి కొసకు ఆ చేప తోక కనిపించింది, తరువాత అదీ పోయింది. అతని చూపు దారం మీదే ఉంది.

దారం కదలడం ఆగింది. కొంతసేపటికి అన్న రెక్కల చెప్పులు మళ్ళీ మసకలోంచి బయటపడ్డాయి. పైకి వస్తున్నాడు. పైకి చేరడానికి ఇంకా 15 అడుగులు ఉందనగా ఆ కాళ్ళు ఆడడం మానేశాయి. నోట్లోంచి బుడగలు వచ్చాయి. ఒళ్ళంతా సడలిపోయి, మెల్లగా వెనక్కి దిగడం మొదలైంది.

తమ్ముడు స్పియర్‌గన్ వదిలేసి మునిగాడు. అన్న నడుము బెల్టు కొక్కెం లాగి బరువు వదిలించాడు. చంకల కింద చేతులు వేసి పైకి తెచ్చాడు. మాస్క్ తీసి, కళ్ళ మీద గాలి ఊది, చెంపలు తట్టి, పేరు పెట్టి పిలిచాడు. "ఊపిరి తీసుకో. ఊపిరి తీసుకో." పెదవులు నీలంగా ఉన్నాయి. కొన్ని క్షణాలకు అన్న ఛాతీ ఎగిసింది.

ఆ మసక నీళ్ళలో, ఆ కాడల మధ్యకు జారిపోయిన మనిషిని మళ్ళీ వెతికి పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. తమ్ముడు చేప వైపు తిరిగి ఉంటే, ఈటె వదిలి చూపు మళ్ళించే లోపే అన్న కనుమరుగయ్యేవాడు.

చిక్కుకున్న చేపను ఒక సముద్ర సింహం లాక్కుపోయింది. అన్నదమ్ములు ఆ రోజు మళ్ళీ మునగలేదు. ఒడ్డున జనం ఏం తెచ్చారని అడిగితే, జరిగింది జరిగినట్టు అన్నే చెప్పాడు. తమ్ముడు వదులుకున్న చేప సంగతి అతనికి చాలా రోజుల తరువాత గానీ తెలియలేదు. తెలిసిననాటి నుంచి ఆ ఇంట్లో ఒక ఆచారం మొదలైంది. చేపను ఎవరు కొట్టినా, కోసేటప్పుడు మొదటి ముక్క ఆ సేపు నీటి మీద కాపలా ఉన్నవాడిది.

నీతి

ఈ కథ విన్నవాళ్ళు దురాశ చేటు అని చెప్పి ఊరుకుంటారు. అది నిజమే గానీ, దాంతో కథలో సగమే తేలుతుంది. ఆశ అన్నకు ఎంత ఉందో తమ్ముడికీ అంతే ఉంది. ఒకరి ప్రాణం మన చూపు మీద ఆధారపడి ఉన్నప్పుడు ఆ చూపు మనది కాదు అని తమ్ముడికి తెలుసు. నేను ఈ కథ నుంచి తీసుకునే నీతి అది. అలా చూపు నిలిపినవాడికి సంపాదనలో వాటా, పేరులో వాటా ఇవ్వడం మిగతావాళ్ళ ధర్మం. ఇది రెండో సగం.

కాపలా ఎందుకు అంత అవసరమో శరీర ధర్మం తెలిస్తే బాగా అర్థమవుతుంది. ఊపిరి బిగబట్టినప్పుడు గాలి కావాలని గుండెల్లో పుట్టే తహతహ ప్రధానంగా ఆక్సిజన్ తగ్గినందువల్ల రాదు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగినందువల్ల వస్తుంది. మునిగే ముందు గబగబా గాలి పీల్చి వదిలితే ఆక్సిజన్ నిల్వ పెద్దగా పెరగదు, కార్బన్ డయాక్సైడ్ మాత్రం పడిపోతుంది. అంటే కాపలావాడికి మందు పోసి నిద్రపుచ్చి, ఇంట్లో దొంగలు లేరని అనుకోవడమే. తహతహ ఆలస్యంగా పుడుతుంది, ఈలోగా ఆక్సిజన్ అడుగంటుతుంది.

దీనికి తోడు లోతు చేసే మోసం ఒకటి. పది మీటర్ల లోతున ఒంటి మీద ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. ఆ ఒత్తిడి వల్ల ఊపిరితిత్తుల్లో మిగిలిన కొద్ది ఆక్సిజన్ కూడా రక్తంలోకి చేరుతూ ఉంటుంది, మనిషికి తాను బాగానే ఉన్నాననిపిస్తుంది. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది, దాంతోపాటు రక్తానికి అందే ఆక్సిజన్ కూడా. అందుకే స్పృహ తప్పడం చాలాసార్లు అడుగున జరగదు, ఇంకాస్తలో పైకి చేరతామన్న చోట జరుగుతుంది. ఒక్కోసారి తల బయట పెట్టి ఊపిరి తీసుకున్నాక కూడా జరుగుతుంది, ఎందుకంటే ఆ గాలి మెదడుకు చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ నాన్న పెట్టిన అర నిమిషం నియమం ఇందుకే. ఇదంతా ముందస్తు హెచ్చరిక లేకుండా వచ్చిపడుతుంది. మునకలో ఆరితేరినవాడు తహతహను ఓర్చుకోవడం నేర్చుకుంటాడు కనుక అతనికి ముప్పు ఇంకా ఎక్కువ.

మునకే బతుకుతెరువైన పాతకాలపు జనానికి ఈ లెక్కలు తెలియవు గానీ, కాపలా విలువ తెలుసు. జపాన్‌లో సముద్రపు అడుగు నుంచి నత్తలు, నాచు ఏరుకొచ్చే అమా స్త్రీలలో కొందరు భర్తతో కలిసి పడవ మీద వెళ్ళేవారు. భార్య మునిగితే, తాడు పట్టుకుని పైకి లాగే పని భర్తది. పర్షియన్ గల్ఫ్‌లో ముత్యాల కోసం మునిగే ప్రతివాడికీ తాడు లాగే మనిషి ఒకడు ఉండేవాడు, అతన్ని సైబ్ అనేవారు. ముత్యాల ఆదాయంలో సైబ్‌కు కూడా వాటా రాసి ఉండేది. మన్నార్ సింధుశాఖలో ఆ తాడు బావమరిది చేతికే ఇచ్చేవారని తమిళ తీరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెల్లెలి పసుపు కుంకుమలు కోరేవాడు తాడు వదలడని ఆ నమ్మకం.

కెల్ప్ అడవిలో మాత్రం మనిషికి తాడు కట్టలేం, అది కాడలకు చుట్టుకుని అతన్నే బిగిస్తుంది. అక్కడ తాడు చేసే పనంతా పైవాడి చూపే చేయాలి. ఇప్పుడు ఒక్కరే కయాక్ వేసుకుని, ఒక్కరే మునిగి, తమ ధైర్యాన్ని తామే వీడియో తీసుకునేవాళ్ళు ఉన్నారు. అది ధైర్యమని నేను ఒప్పుకోను. స్పృహ తప్పినవాడికి ఎంత ధైర్యం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఈ ప్రమాదానికి కెల్ప్ అక్కర్లేదు, ఈటె అక్కర్లేదు. మన ఊరి దిగుడుబావిలో, చెరువులో, కాలవలో, అపార్ట్‌మెంట్ ఈత కొలనులో ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారో అని పిల్లలు పందెం కడతారు. ముందు గబగబా గాలి పీల్చుకుంటే ఇంకా ఎక్కువసేపు ఉండొచ్చని ఒకరికొకరు నేర్పుకుంటారు కూడా. ఆ పందెం ఆపండి, ఎందుకు వద్దో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పండి. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ, ఫోన్ పక్కన పెట్టి, ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు గట్టు మీద నిలబడి వాళ్ళనే చూస్తూ ఉండండి.