నాడి చూడొద్దన్న డాక్టరు

ఉస్మానియా ఆసుపత్రికి ముందు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది, చార్మినార్ వైపు నుంచి మూసీ దాటగానే. బ్రిటన్‌లో చదివొచ్చిన ఎడ్వర్డ్ లారీ అక్కడ సర్జన్. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు ఊపిరి చూస్తే చాలు, నాడి చూడక్కర్లేదు, ఆ మందు గుండెను నేరుగా ఆపదు అని ఆయన వాదన. అది తేల్చడానికి 1888లో, 1889లో నిజాం డబ్బుతో రెండు కమిషన్లు. కుక్కలూ కోతులూ ఎన్ని పోయాయో! రెండోసారి లండన్ నుంచి వచ్చిన లాడర్ బ్రంటన్ కూడా ఆయన వైపే మొగ్గాడు. 1911లో లెవీ పిల్లుల మీద చేసి చూపించాడు: కొద్దిపాటి మత్తులో కూడా క్లోరోఫాం గుండెను హఠాత్తుగా ఆపగలదు.

లారీ చేతకానివాడైతే ఇది చిన్న కథ. చెయ్యి మంచిది కాబట్టే చిక్కు. ఊపిరిని అంత శ్రద్ధగా కనిపెట్టేవాడి దగ్గర రోగులు బతికారు. బతికిన ప్రతి రోగీ ఆయన సిద్ధాంతానికి సాక్ష్యమైపోయాడు. నాడి పట్టుకుంటే ఎదురు సాక్ష్యం దొరికేదేమో, అదే వద్దన్నాడు. (నడుస్తున్న కోడ్‌ని మా ఆఫీసుల్లోనూ ఎవరూ విప్పి చూడరు.)

ఇప్పుడు విదేశాల్లో ఎంబీబీఎస్ చదివొచ్చినవాళ్లకి ఎఫ్‌ఎంజీఈ ఉంది. 300 ప్రశ్నలు, 150 వస్తే పాస్. అది తెలిసినదాన్ని కొలుస్తుంది, 'నాకొచ్చు' అన్న ధీమాని కాదు. ఫెయిలైనవాళ్లు కనీసం తమని తాము అనుమానించుకుంటారు. పాసైనవాళ్ల సంగతేంటి? ఇక్కడే చదివినవాళ్ల సంగతేంటి? 2006లో జామా పత్రికలో వచ్చిన ఒక సమీక్షలో, డాక్టర్ల సొంత అంచనాని బయటి కొలతతో పోల్చిన 20 సందర్భాల్లో 13 చోట్ల రెండింటికీ పొంతన అంతంతమాత్రమే, లేదా అసలు లేదు, లేదా తలకిందులు. ఆ డాక్టర్లు ఎక్కడ చదివారన్నది నాకు రెండో ప్రశ్నగానే తోస్తుంది. వాళ్ల పక్కన నిలబడి చూసేది ఎవరన్నది మొదటిది.