వంశావళిలో పృథీచంద్

భిలాయి ఉక్కు కర్మాగారంలో మాతో పనిచేసే ఒక సోఢీ యువకుడు హరిద్వార్ పండాల వహీలో తన వంశం చూపించుకొని, దిగులుగా తిరిగొచ్చాడు. అందులో పృథీచంద్ పేరుంది.

పృథీచంద్ నాల్గవ గురువు రామదాస్ గారి పెద్ద కుమారుడు. 1581లో గురుగద్దె తమ్ముడు అర్జన్ దేవ్ గారికి దక్కిందని పగబట్టి పోటీపీఠం పెట్టాడు. అతని వర్గంతో పొత్తు వద్దని దశమగురువు ఖాల్సాను ఆజ్ఞాపించారు.

“ఆ రక్తమేగా నాది?” అన్నాడు.

అమృతం పుచ్చుకున్నవానికి పాత వంశం అక్కడితో చెల్లిపోతుందని చెప్పాం. అతని ముఖం తేటపడింది. అయితే పృథీచంద్‌ను విడిచి, గురువంశంవాణ్ణన్న గొప్పను మాత్రం దాచుకోవడం కుదరదన్నాం. సిగ్గు విడవడంకన్నా అదే కష్టమైంది. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డా ఇంటిపేర్లు ఆరా తీసే మనకు అది తెలియనిదా!

ఆ ఆదివారం లంగరులో రొట్టెలు ఒత్తుతూ చాలాసేపు అతను మాట్లాడలేదు.