మూడుసార్లు చాలు

నమాజుకి ముందు మక్కా మసీదు హౌజ్ దగ్గర వజూ చేసుకుంటారు. కడగాల్సిన అవయవాన్ని ఎక్కువలో ఎక్కువ మూడుసార్లు కడగాలి. నాలుగోసారి కడిగితే శుద్ధి పెరగదు సరికదా, అతి చేసినట్టు లెక్క. ఈ చిన్న నియమం వెనక ఒక మనిషి కనిపిస్తాడు నాకు. చెయ్యి కడుగుతాడు, కడిగినట్టు అనిపించదు, మళ్ళీ కడుగుతాడు, మళ్ళీ అనుమానం. ధర్మశాస్త్రం రాసిన పెద్దలకి ఇతను బాగా తెలుసు. అతని అనుమానానికి పేరు కూడా ఉంది: వస్వాస్. గుసగుస అని అర్థం. అనుమానం తీరేదాకా కడగమని వాళ్ళు చెప్పలేదు. అనుమానం ఉండగానే లేచి వెళ్ళిపొమ్మన్నారు.

ఈ మాట నేను పుస్తకాల్లో కాదు, శాలిబండలో మా పక్క వాటా ఖాలా నోట విన్నాను. మా పాపకి అప్పుడు నాలుగో నెల. మాది మూడో అంతస్తు. పాపని ఎత్తుకుని బాల్కనీలోకి అడుగుపెడితే చాలు, ‘చెయ్యి వదిలేస్తే?’ అని ఒక ఆలోచన. అది కోరిక కాదు, కోరికకి పూర్తిగా వ్యతిరేకం. అయినా రోజూ వచ్చేది. తలుపుకి గడియ పెట్టాను. తర్వాత పాపని ఎత్తుకోవడమే తగ్గిపోయింది. ఇలాంటిది తట్టినవాడు ఎలాంటి తండ్రి అన్న విచారణ రాత్రి రెండింటికి కూడా నడిచేది. ఎందుకు ఎత్తుకోవట్లేదని ఖాలా అడిగితే సగం సగం చెప్పాను. “వస్వాస్ హై బేటా. జవాబ్ నక్కో దేవ్” అని, మళ్ళీ కూర తరుక్కోవడంలో పడిపోయింది.

జవాబివ్వకు. మా వృత్తిలో వాడికి ఇది వెంటనే అర్థమవ్వాలి. సర్వర్ పలకకపోతే ప్రోగ్రాం మళ్ళీ అడుగుతుంది, దాన్ని రీట్రై అంటాం. ఎన్నిసార్లు అడగాలో హద్దు పెట్టకపోతే ఆ అడగడమే సర్వర్‌ని కూల్చేస్తుంది. అలాగని ఆలోచనని తొక్కిపెట్టినా లాభం లేదు. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం కొంతమందిని తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించొద్దని కోరింది. తర్వాత ఆలోచించవచ్చని అనుమతిస్తే, మొదటినుంచీ స్వేచ్ఛగా ఆలోచించినవాళ్ళ కంటే వీళ్ళకే అది ఎక్కువగా గుర్తొచ్చింది. అంతకుముందే, 1978లో, రాక్‌మన్, పద్మల్ డి సిల్వా ఇంకో సంగతి చూపించారు: ఏ జబ్బూ లేనివాళ్ళలో కూడా చాలామందికి ఇలాంటి భయంకరమైన ఆలోచనలే వస్తాయి. తేడా అవి ఎంత తరచుగా వస్తాయి, ఎంత బాధపెడతాయి అన్నదాంట్లోనే ఎక్కువ.

కాబట్టి ఆలోచన వచ్చినంత మాత్రాన నేరం కాదు. ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. ఇక్కడినుంచి ఒక్క అడుగు ముందుకేసి, ఆలోచనలన్నీ మబ్బులు, నువ్వు ఆకాశం, పోనివ్వు అంటాయి ధ్యానం యాప్‌లు. దాంతోనే నాకు పేచీ. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకున్నాడు. ఆయన బతికాడు, 1961 దాకా. ఆ రాత్రి ఆయనకి ఎన్నిసార్లు తిరిగొచ్చి ఉంటుందో! దాన్ని మబ్బు అనగలమా? ఆయన ఆ వరద మీద ‘ఖయామతె సుగ్రా’ రాశాడు. చిన్న ప్రళయం అని అర్థం.

రెండూ తిరిగొచ్చే ఆలోచనలే. కానీ దుఃఖం ఇంకొకరి గురించి మాట్లాడుతుంది. అంతరాత్మ కూడా అంతే: ఫలానా వాళ్ళకి ఫలానా పని చెయ్యి అంటుంది, చేస్తే ఊరుకుంటుంది. వస్వాస్‌కి మాత్రం ఎప్పుడూ నా గురించే. నువ్వు మంచివాడివని రుజువు చూపించు, ఇంకోటి చూపించు. నా బాల్కనీ ఆలోచనలో పాప పేరుకే ఉంది. అక్కడ నడిచిందంతా నా క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమే. ఆ సర్టిఫికెట్ కోసం ఎత్తుకునే చేతుల్ని వదులుకున్నది మాత్రం పాప. ఈ గీత ప్రతిసారీ ఇంత స్పష్టంగా ఉండదని తెలుసు. పోయినవాళ్ళ గురించిన దుఃఖంలోకి కూడా ‘నేను ఇంకోలా చేసి ఉంటే’ అని గుసగుస దూరుతుంది.

రోజులో గంటలు గంటలు తినేస్తుంటే ఖాలా మాట చాలదు, డాక్టర్ దగ్గరకి వెళ్ళాలి. టెలి మానస్ 14416కి తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడొచ్చు. అక్కడ జరిగే చికిత్స ఏదో కొత్త లోకం కాదు. 1966లో విక్టర్ మేయర్ తన పేషెంట్ల చేత భయపడే వస్తువుని ముట్టించి, చేతులు కడుక్కోనివ్వకుండా ఆపాడు. హౌజ్ దగ్గర నాలుగోసారి వద్దన్నట్టే.

మా తలుపు గడియ తీసేశాం. రిలీజ్ ఉన్న వారాల్లో ఆ ఆలోచన ఇప్పటికీ వస్తుంది. పాపకి రెండో ఏడు నడుస్తోంది. కింద సందులో మేకలు అరిస్తే చాలు, ఎత్తుకుని చూపించమని నా ప్యాంటు పట్టుకు లాగుతుంది.