రెండు బకెట్ల లెక్క

వేసవి సెలవుల్లో మా బడికి రంగులు వేయాలనుకున్నాం. ఊరంతా చందా వేసుకుంది. ఒక అవ్వ చింతపండు అమ్మిన డబ్బు తెచ్చి ఇచ్చింది. బుట్టాయగూడెం వైపు నుంచి బస్సెక్కి విజయవాడ వెళ్ళాం. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర ఒక దుకాణంలో షేడ్ కార్డు చూసి గోడలకు పసుపు, కింది పట్టీకి ఆకుపచ్చ చెప్పాం. యంత్రంతో కలిపి చెరొక బకెట్ ఇచ్చారు.

ఊరొచ్చి మూత తీస్తే ఆకుపచ్చ కాస్తా నీలమైంది. బిల్లు మీద నెంబరు ఒకటి, మూత మీద నెంబరు మరొకటి. పసుపు నెంబరు మాత్రం సరిగ్గానే ఉంది. కానీ కార్డు మీద లేతగా కనిపించిన రంగు గోడ మీద కళ్ళకు గుచ్చుకుంటోంది.

"పోనీలే, నీలం మాత్రం రంగు కాదా? పట్నం వాళ్ళతో మనకెందుకు గొడవ?" అన్నాడు ఒక పెద్దాయన. "రెండూ తిరిగిచ్చేద్దాం. సంతలో మన తాతల్ని దొంగ తూకాలతో ఎంత ముంచలేదు?" అన్నాడు ఒక కుర్రాడు.

రెండు మాటలూ మమ్మల్ని ఆలోచింపజేశాయి. పెద్దాయనది ఓర్పు కాదు, భయం. చింతపండు, కరక్కాయ కారుచౌకగా ఇచ్చి ఉప్పు తెచ్చుకున్న రోజుల నుంచి వచ్చిన భయం. అడవి సరుకుకు న్యాయమైన ధర ఇప్పించాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అడగలేక ఊరుకోవడాన్ని మంచితనం అనుకుంటే మోసానికి మనమే పీట వేసినట్టు. కుర్రాడిది కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ సంతలో తూకం వేసినవాడి బాకీని ఈ దుకాణదారు దగ్గర వసూలు చేయడం న్యాయం కాదు.

నీలం బకెట్ ఒక్కటే పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. "కలిపిన రంగు వెనక్కి తీసుకోం" అన్నాడు యజమాని. ఆయన బాధా అర్థమైంది. ఒకసారి రంగు కలిస్తే అది మళ్ళీ తెలుపు కాదు, ఇంకొకరు కొనరు. అయినా తప్పు ఎవరిదో బిల్లూ మూతా చెబుతున్నాయి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, బిల్లులో వేరే గడువు లేకపోతే లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి, నిరాకరించడం అక్రమ వ్యాపారమే. ఆ మాట మెల్లగా చెప్పాం. అవసరమైతే 1915కు ఫోన్ చేయవచ్చని తెలుసు కానీ ఆ అవసరం రాలేదు. ఆయన నెంబర్లు చూసి డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు.

"పసుపు బాగుందా?" అని ఆయనే అడిగాడు. ఆ క్షణంలో ఒక అబద్ధం చాలు. "మీరు ఇచ్చింది సరైనదే, మేమే సరిగ్గా ఎంచుకోలేదు" అన్నాం. ఆ డబ్బుతో అక్కడే సరైన ఆకుపచ్చ కలిపించి, మూత మీద నెంబరు చూసుకున్నాకే బకెట్ ఎత్తాం. మా జేబుల్లోంచి తెల్లరంగు కొని పసుపులో కలిపి లేత చేసుకున్నాం. మా ఎంపిక తప్పుకు అవ్వ చింతపండు డబ్బు ఖర్చు కాకూడదు కదా.

యువ మిత్రులారా, బిల్లు తీసుకోండి, దాచుకోండి. మనది మనం అడగడానికి తల వంచనక్కర్లేదు. మనది కానిది అడగకపోతేనే ఆ తల నిటారుగా నిలుస్తుంది. పిల్లలకు ఈ రెండూ కలిపే నేర్పాలి.