సద్గుణమునకు బహుమానమా, గుర్తింపా?

విద్య మానవునకు భూషణమని పెద్దలు చెప్పుదురు. ఆ భూషణమునకు వన్నె తెచ్చునవి సత్యము, దయ అను రెండు గుణములు. లెక్కలలో నూటికి నూరు మార్కులు తెచ్చుకొనిన బాలునకు బహుమతి నిచ్చుట సులభము. తనకు నష్టము కలుగునని యెరిగియు నిజము చెప్పిన బాలుని, ఒంటరిగా నున్న తోటి విద్యార్థిని చేరదీసిన బాలికను ఎట్లు గౌరవింపవలెను? సద్గుణమునకు వెల కట్టిన, అది సద్గుణముగానే నిలుచునా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సాధారణముగా 6వ తరగతి మొదలు 8వ తరగతి వరకు గల పాఠశాలను మిడిల్ స్కూలు అందురు. 11 మొదలు 14 ఏండ్ల ప్రాయమది. పసితనము వీడిపోవుచు, తోటివారి మెప్పు ప్రాణసమానముగా తోచు కాలము. అచ్చటి పలు పాఠశాలలలో మంచి నడవడి గల విద్యార్థులకు ప్రశంసాపత్రములు ఇచ్చుట, చీటీలనిచ్చి వాటికి బదులుగా చిన్న చిన్న వస్తువులు తీసికొననిచ్చుట వాడుకలో నున్నది.

1983లో వాషింగ్టన్ నగరమున జరిగిన జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలో 13 ఏండ్ల బాలుడొకడు 'ఎకోలేలియా' అను పదమునకు అక్షరములు తప్పుగా చెప్పెను. విన్న మాటనే మరల మరల పలుకుట అని దాని యర్థము. న్యాయనిర్ణేతలు సరిగా వినక అది ఒప్పేయని తలచిరి. తన తప్పు తెలిసికొనిన బాలుడు తానే వారి కడకేగి నిజము చెప్పి, పోటీ నుండి తొలగెను. పత్రికలు అతనిని కొనియాడినవి. కాని ఆ మెప్పు అతడు ఆశించినది కాదు. ఆ క్షణమున అతనికి కనబడినది ఓటమి మాత్రమే. ఆ కార్యమునకు విలువ వచ్చినది అందువలననే.

అదే పోటీలో 2024లో తెలుగు కుటుంబమునకు చెందిన ఏడవ తరగతి విద్యార్థి బృహత్ సోమ విజేతయైనప్పుడు తెలుగువారు గర్వించిరి. అది న్యాయమే. కాని నిజము చెప్పి ఓడి యింటికి వచ్చిన బిడ్డను చూచి తల్లిదండ్రులు అంతగా గర్వింతురా?

ఈ ప్రశ్నకు పిల్లలే సమాధానము చెప్పిరి. హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 33 పాఠశాలలలోని సుమారు 10,000 మంది మిడిల్ స్కూలు, హైస్కూలు విద్యార్థులను ప్రశ్నించి, 2014లో నివేదిక ప్రకటించిరి. వారిలో దాదాపు 80 శాతము మంది తమ విజయమునో, తమ సంతోషమునో ముందుంచిరి. ఇతరుల యెడ ఆదరమే ముఖ్యమనినవారు సుమారు ఐదింట ఒక వంతు. తమ మంచితనముకంటె మార్కులను చూచియే తల్లిదండ్రులు ఎక్కువ గర్వింతురని ఒప్పుకొనినవారు, కాదనినవారికి మూడింతలు. పెద్దల మౌనము కూడ ఒక పాఠమే.

అట్లని బహుమతులు గుప్పించుట మార్గము కాదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అను శాస్త్రజ్ఞులు బొమ్మలు గీయుటయం దిష్టము గల చిన్న పిల్లలను పరీక్షించిరి. గీసినచో పత్రమిత్తుమని ముందే చెప్పబడిన పిల్లలకు తరువాత ఆ పనియం దాసక్తి తగ్గెను. ముందు చెప్పక, పిమ్మట పత్రమిచ్చిన పిల్లలకు తగ్గలేదు. 2008లో వార్నెకెన్, టొమాసెల్లో అనువారు 20 నెలల శిశువులను పరీక్షించిరి. సాయము చేసినందుకు వస్తువు పొందిన శిశువులు పిమ్మట తక్కువగా సాయపడిరి. మెప్పు మాట పొందినవారి సహాయబుద్ధి అట్లు తగ్గలేదు. కూలి కొరకు చేసిన పని కూలితోనే ముగియును. దయ కూలిపని కారాదు.

హరిశ్చంద్రుని కథలోని మర్మము నిదియే. రాజ్యము పోయినను, ఆలుబిడ్డలు దూరమైనను అతడు సత్యమును వీడలేదు. కడపట దేవతలు అతనిని గౌరవించిరి. ఆ గౌరవము ముందుగా ఒప్పుకొనిన బేరము కాదు.

కావున గుర్తింపు వలయును, బేరము వలదు. 'మంచి విద్యార్థి' యను బిరుదుకంటె, 'నీవు నిజము చెప్పుటచే నీ మిత్రుడు నింద తప్పించుకొనెను' అను ఒక్క మాట మేలు. మొదటిది బాలుని అతనివైపే చూచుకొనజేయును. రెండవది ఎదుటివాని వైపు చూపును. ఇట్లు చెప్పుటకు గురువునకు చూచు కన్ను కావలెను. చప్పుడు చేయక మంచి చేయు పిల్లలు ప్రతి తరగతిలోను ఉందురు. నెలకొకని మాత్రమే ఎన్నుకొనినచో వారిలో పలువురు మరుగున పడుదురు.

ఇంటి వంతు ఇంకను పెద్దది. బడి నుండి వచ్చిన బిడ్డను 'మార్కులెన్ని?' యని అడుగుటకు ముందు, 'ఈ దినము ఎవరికి తోడైతివి?' యని అడుగు గృహమున సత్యము, దయ వేరుగా నేర్పవలసిన పాఠములు కావు. తల్లిదండ్రులు దేనిని మొదట అడుగుదురో, దానినే బిడ్డలు మొదట సంపాదించుకొందురు.