తగరపు సైనికులు

గతించిన యుద్ధాన్ని బొమ్మలతో తిరిగి నిలబెట్టడం పిల్లల ఆటగా మొదలై పెద్దల విద్యగా పరిణమించింది. తగరపు సైనికులను, సీసపు సైనికులను సేకరించి, మట్టితో మిట్టలు, రంపపుపొట్టుతో పచ్చిక, పుల్లలతో కంచెలు కల్పించి, ఒక చారిత్రక ఘట్టాన్ని బల్లమీద నిలిపేవారు నేడు అనేక దేశాలలో ఉన్నారు. ఇట్టి దృశ్యరచనకు డయోరమా అని పేరు. ఏ పటాలం ఏ యేట ఏ రంగు కాలరు ధరించినదో, అంగీకి బొత్తాములు ఎన్నో తెలిసికొనడానికి వారు పడే శ్రమ, పండితులు పాఠనిర్ణయానికి పడే శ్రమకు తీసిపోదు. ఈ నిష్ఠను చూచి నవ్వేవారితో నేను ఏకీభవించను. కాని బొత్తాము సరిగా ఉన్నంతమాత్రాన యుద్ధం సరిగా ఉన్నట్లేనా?

ఈ ప్రశ్నకు విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ సైనికోద్యోగి కథకంటె మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. 1815 జూన్ 18న జరిగిన వాటర్లూ యుద్ధానికి నమూనా నిర్మింపుమని 1830లో అతనికి ఉత్తర్వు వచ్చింది. అతడు ఆ రణభూమిలోని లా హే సాంత్ అనే కమతపు ఇంట ఎనిమిది నెలలు మకాం వేసి మిట్టపల్లాలన్నీ కొలిచినాడు. తరువాత యుద్ధంలో పాల్గొన్న అధికారులకు లేఖలు వ్రాసినాడు: ఆ సాయంకాలం సుమారు ఏడు గంటలకు, నెపోలియన్ అంగరక్షక దళం మిట్టనెక్కిన క్షణాన, మీ దళం ఏ తీరున నిలిచియున్నది? ఎదుటి శత్రువు ఏ తీరున ఉన్నాడు? పొలంలో ఏ పైరు ఉన్నది? కొన్ని వందల జవాబులు వచ్చినవి. 1833లో ప్రభుత్వం సొమ్ము ఆపివేసింది. అతడు పని ఆపలేదు, అప్పులపాలైనాడు. 1838లో లండనులోని ఈజిప్షియన్ హాలులో నమూనాను ప్రదర్శించినప్పుడు సుమారు లక్షమంది చూచినారు. మైలుకు తొమ్మిది అడుగుల కొలత. సెంటీమీటరు ఎత్తు బొమ్మలు 70,000కు పైగా. ఒక్కొక్క బొమ్మ ఇద్దరు మనుష్యులకు ప్రతినిధి.

చిక్కంతా ఆ ఏడు గంటల క్షణంలోనే ఉన్నది. ఆ వేళకు ప్రష్యన్ సేనలు ఫ్రెంచివారి కుడిపార్శ్వంమీదికి ఎంతవరకు వచ్చినవి? తనకు అందిన సాక్ష్యాన్నిబట్టి సైబోర్న్ వారిని దండిగానే నిలిపినాడు. విజయకీర్తిని అంతగా పంచుకొనడం వెల్లింగ్టన్ పక్షానికి రుచించలేదు. చివరకు అతడు వేలాది ప్రష్యన్ బొమ్మలను తొలగించినాడు. వారి వాదం ఒప్పించినదో, వారి అధికారం ఒప్పించినదో! నిజాన్ని అమ్ముకొన్నాడనడం తేలికే. అప్పు లేనివాడు ఆ మాట మరింత తేలికగా అనగలడు. గ్రంథకర్త ‘బహుశా’ అనే ఒక్క మాటతో తప్పించుకొనవచ్చు. బల్లమీది బొమ్మకు ఆ సౌకర్యం లేదు. అది ఉండవలె, లేదా ఉండరాదు.

అయితే నన్ను కలతపెట్టేది ప్రష్యనుల లెక్క కాదు. ఆ ఏడు గంటలకు ఆ పొలంలో నిలిచినవారే కాదు, పడియున్నవారూ ఉన్నారు. ఆనాడు చచ్చినవారు, గాయపడినవారు కలిసి దాదాపు 50,000 మంది. ఒక బొమ్మ ఇద్దరికి ప్రతినిధి అయినప్పుడు, దానిని పడుకోబెట్టితే ఇద్దరూ చచ్చినట్లా, ఒకడు బ్రతికినట్లా? కొలత ఈ ప్రశ్నకు చోటివ్వదు. బొమ్మలు పోతపోసేవారికి కూడా గురిపెట్టినవాడు, కత్తియెత్తినవాడు, జెండా పట్టినవాడు కావలె. కడుపు పట్టుకొని నీళ్ళడిగేవాడు అరుదు. (సేకర్తల సంగతి మరీ విచిత్రం: రంగు చెదరని, ఏ పిల్లవాడూ ఆడుకొనని సైనికునికే వారు ఎక్కువ వెల యిస్తారు.)

వ్యాసుడు సంజయునికి దివ్యదృష్టి నిచ్చినాడు. స్త్రీపర్వంలో గాంధారికీ ఇచ్చినాడు. వరం ఒక్కటే, కురుక్షేత్రమూ ఒక్కటే. సంజయుడూ శోకించినాడు, నిజమే; కాని అతడు చెప్పవలసినవి ముందుగా వ్యూహాలు. గాంధారి చూచినది బిడ్డల శవాలను, వాటిమీద పడి ఏడ్చే కోడళ్ళను. డయోరమా ముందు నిలిచిన మనకు సంజయుని చూపు ఉచితంగా దొరుకుతుంది. యుద్ధంనాడు సేనాపతికైనా అందని ఎత్తున, నెత్తురు వాసన సోకని దూరాన నిలిచి, అంతా అర్థమైనదనుకొంటాము.

బొమ్మయుద్ధమే యుద్ధానికి విరుగుడని తలచినవారు లేకపోలేదు. హెచ్. జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకంలో ఈ ఆటకు నియమాలు వ్రాసి, దీనిని మూడు నాలుగుసార్లు ఆడినవానికి అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనియో బోధపడుతుందని వాదించినాడు. మరుసటి యేడే ప్రపంచయుద్ధం వచ్చింది.

దోషం బొమ్మలదే అని నేను అనను. ముంబయిలోని మణిభవనంలో గాంధీ జీవితఘట్టాలను చిన్న బొమ్మలతో అమర్చినారు. దండికి నడిచే ఆ బొమ్మ చేత తుపాకి లేదు, చేతికర్ర ఉన్నది. అక్కడ గాంధీ బొమ్మ ఒక్క మనిషికే ప్రతినిధి. చూచేవాడు బొత్తాములు లెక్కించడు; ఆ మనిషి ఎక్కడికి పోతున్నాడని అడుగుతాడు.

సైబోర్న్ 1849లో మరణించినాడు. అతని పెద్ద నమూనా నేడు లండనులోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉన్నది. అతనికి వచ్చిన ఉత్తరాలలో కొన్నింటిని కుమారుడు 1891లో ప్రచురించినాడు. అందులో ఒకరి జ్ఞాపకం మరియొకరి జ్ఞాపకంతో పొసగదు. ఒక్కొక్కరు తమ దళం నిలిచిన కొద్దిపాటి నేలను గురించే చెబుతారు. నమూనాను చూడబోయేవారు ముందుగా ఆ ఉత్తరాలు కొన్ని చదివి వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం.